అట్లతద్ది చంద్రుడి కోసం ఏడువేల కిలోమీటర్లు

లండన్ వెళ్ళొచ్చి ఏడాది దాటింది. ఇప్పటికీ కొట్లోకి చీరల కోసం వచ్చినవాళ్ళు బేరం మాట పక్కనబెట్టి ముందు అదే అడుగుతారు, "విమానంలో ఎంతసేపు పట్టిందమ్మా?" అని. ముంబయి నుంచి తొమ్మిదిన్నర గంటలని చెబితే మొహం చిన్నబుచ్చుకుంటారు. "ఓస్, అంతేనా! తిరుపతి బస్సు టైరు పేలి మేం అంతకంటే ఎక్కువసేపే కూర్చున్నాం" అని ఒకాయన తేల్చేశాడు. దూరం ఏడువేల రెండొందల కిలోమీటర్లయ్యా బాబూ అని మొత్తుకున్నా వినలేదు.

వాళ్ళ తప్పేం లేదు. టిక్కెట్టు చెప్పేది అంతే. కానీ ఆ తొమ్మిదిన్నర గంటలు ఎంత పొడుగో తెలియాలంటే మా వదిన పక్కన కూర్చోవాలి. ఆవిడ ఆ దారి మొత్తం ఉపవాసంతో వెళ్ళింది. ఆ కథ చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. అందుకే ఇలా రాస్తున్నాను. వెళ్ళనివాళ్ళు చదువుకోండి, చీరలు కొనేవాళ్ళు కొనుక్కోండి.

చీరాల

మాది నేతవాళ్ళ ఇల్లు. మా అన్నయ్య నూలుకు రంగులు వేస్తాడు. మా వదిన నాగరత్నం గుంటమగ్గం మీద చీరలు నేస్తుంది. నేను, సావిత్రిని, వీధి గదిలో కొట్టు పెట్టుకుని వాటిని అమ్ముతాను. మా ఆయన పోయి ఏడేళ్ళు. అప్పటి నుంచి అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాను. నాకు నేత రాదు. మా వదినకు మాటలు రావు. అంటే కొత్తవాళ్ళ దగ్గర రావు. నా దగ్గరైతే ఆవిడ నోరు పచ్చిమిరపకాయే.

ఆ ఏడు ఎండలు తగ్గే రోజుల్లో లండన్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. దేశదేశాల చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారట. నేసేవాళ్ళొకరు, చూడవచ్చిన జనానికి వివరం చెప్పేవాళ్ళొకరు రావాలట, ఖర్చులు వాళ్ళవేనట. నేసేది వదిన, చెప్పేది నేను. అంతా బాగానే ఉంది. తీరా టిక్కెట్లు చేతికొచ్చాక చూసుకుంటే ప్రయాణం సరిగ్గా అట్లతద్ది రోజున పడింది.

మా ఇంట్లో అట్లతద్ది ఉత్త సరదా పండగ కాదు. పదేళ్ళ కిందట మా అన్నయ్య పచ్చకామెర్లు ముదిరి గుంటూరులో ఆసుపత్రి పాలయ్యాడు. ఇరవై రోజులు మంచం దిగలేదు. అందరూ ఆశ వదులుకున్నారు. బతికి ఇంటికొచ్చిన ఏడే వదిన ఈ నోము పట్టింది. తెల్లవారుజామున చుక్కలుండగా అన్నం తిని, ఇక చంద్రుణ్ణి చూసేదాకా మెతుకు ముట్టకూడదు. చంద్రుణ్ణి చూశాక గౌరమ్మకు అట్లు పెట్టి, ముత్తైదువులకు వాయనాలిచ్చి అప్పుడు తినాలి. మా ఇంటి ఆనవాయితీ పదేళ్ళు. పదో ఏట పదిమంది ముత్తైదువులకు పదేసి అట్లు, రవికగుడ్డ, నల్లపూసలు ఇచ్చి నోము తీర్చుకోవాలి. మధ్యలో చెడిందంటే మళ్ళీ ఒకటో ఏటి నుంచి మొదలు. ఆ పదో ఏడు ఇదే.

ఊళ్ళో ఉంటే మాకు చంద్రుడు సులువు. సాయంత్రం ఆటో కట్టించుకుని వాడరేవు పోతే సముద్రంలోంచి ఎర్రగా లేస్తాడు. పడవల పక్కన, ఎండుచేపల వాసనలో నిలబడి దణ్ణం పెట్టుకుని వచ్చేసి వాయనాలు మొదలెడతారు. పిండి రుబ్బేది, అట్లు పోసేది నేనే. వాయనాల వేళకు మాత్రం కొట్లోకి పోయి చీరలు మడతపెట్టుకుంటూ కూర్చుంటాను. మొగుడు పోయినదాన్ని ఎవరు పిలుస్తారు? మొదటి ఏడు ఏడ్చాను. తర్వాత, పోనీలే, కొట్లో ఫ్యాను బాగా తిరుగుతుంది అని సర్దుకున్నాను.

కాబట్టి వదిన ప్రయాణం మానేస్తుందనే అనుకున్నాం.

"ఎట్టాగూ రానంటావుగా వదినా, ఉత్తరం రాసేస్తా," అన్నాను.

"ఎవరన్నారే రానని? వస్తా," అంది.

అన్నయ్య తాగుతున్న టీ గొంతుకడ్డం పడింది. "మరి నోమో?" అన్నాడు దగ్గుతూనే.

"లండన్లో చంద్రుడుండడా ఏంది? అక్కడే తీర్చుకుంటా. ఇదిగో సావిత్రీ, చంద్రుణ్ణి చూపించే పూచీ నీది. పదిమంది ముత్తైదువులూ నీ పూచీనే. తర్వాత నన్ననొద్దు."

"చూపించకపోతే కొట్టు మూసేస్తా, పో!" అని ఒట్టేశాను. నా నోరు ఊరుకోదు కదా. ఇంత పట్టుదల మనిషి నోము తీర్చుకునే రోజున విమానం ఎక్కుతాననడం వింతగానే అనిపించింది. సరదా పడింది కాబోలు, ఎవరికుండదు, అనుకున్నాను.

అన్నయ్య పెన్నూ కాగితం తీసుకుని దూరం లెక్క కట్టాడు. చీర అయిదున్నర మీటర్లు. కొంగుకి కొంగు కలిపి పరుచుకుంటూ పోతే ముంబయి నుంచి లండన్ దాకా పదమూడు లక్షల చీరలు కావాలట. విమానం ఒక్క సెకనులో నలభై చీరల దూరం పోతుందట. "నువ్వేమో మూడ్రోజులకొకటి నేస్తావు," అన్నాడు వదినను ఉడికిస్తూ. "పోయేదానికేం నొప్పి, నేసేవాళ్ళకి గదా నడుములు పోయేది!" అంది వదిన.

ముంబయి

విమానాశ్రయం దగ్గర లాడ్జిలో తెల్లవారుజామున లేచి, ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసుతో అన్నం తిన్నాం. అన్నం, పెరుగు లాడ్జివాళ్ళవే. ఇద్దరు మనుషులకు అయిన ఖర్చుతో చీరాల మెస్సులో వారం తినొచ్చు. వదిన ఆఖరి ముద్ద తిని చెయ్యి కడుక్కునే సరికి నా గడియారంలో నాలుగైంది. "ఇక ఇంతే," అని కొంగు బిగించింది. గడియారం చీరాల టైములోనే ఉంచాలని, ముల్లు కదపకూడదని నాకు ఆంక్ష పెట్టింది.

సోదా చేసేచోట చిన్న గొడవైంది. వదిన తన నాడెను చేతిసంచిలో పెట్టుకుంది. మగ్గం మీద పోగు పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తేది అదే. కొయ్యతో చేసి రెండు మొనలకీ ఇనుము తొడుగుతారు. ఎక్కడి మగ్గమైనా సరే, నాడె మాత్రం తనదే ఉండాలి ఆవిడకి. సోదా చేసే అమ్మాయి దాన్ని బయటికి లాగి, మొన తాకి చూసి, "ఇదేంటి?" అని హిందీలో గద్దించింది. వదినకు భాష రాదు కదా, ఎట్లా ఆడుతుందో చూపిద్దామని నాడెను చేతిలోకి తీసుకుని ఈ చేతి నుంచి ఆ చేతికి విసరడం మొదలెట్టింది. ఇంకేముంది, ఇద్దరు పోలీసులు మా మీదికొచ్చారు.

నేను గబగబా మార్వాడీ షావుకార్ల దగ్గర నేర్చుకున్న నా హిందీలో మొర పెట్టుకున్నాను. అందులో పెద్దాయన నాడెను చేతిలోకి తీసుకుని, వేళ్ళకి అరిగిపోయిన గాడిని బొటనవేలితో తడిమాడు. ఆయనది సోలాపూర్ అట. "మా అమ్మ దుప్పట్లు నేసేది," అన్నాడు. మొనలున్నవి చేతిసంచిలో పోనివ్వకూడదని చెప్పి, తనే వెనక్కి నడిచి మా పెద్దపెట్టెలో వేయించి వచ్చాడు. వదిన ఆయనకి వేటపాలెం జీడిపప్పు పొట్లం ఒకటి ఇవ్వబోయింది. డ్యూటీలో తీసుకోకూడదమ్మా అని దణ్ణం పెట్టాడు.

విమానంలో

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎగిరాం. ముందు సీటు వెనక చిన్న టీవీ ఉంటుంది. అందులో మ్యాపు మీద బుల్లి విమానం, ఇంకా ఎన్ని కిలోమీటర్లు, ఇంకా ఎన్ని గంటలు అన్నీ చూపిస్తారు. మిగతా జనం సినిమాలు పెట్టుకున్నారు. వదిన తొమ్మిదిన్నర గంటలూ ఆ మ్యాపే చూసింది. అంకెలు చదివేది నేను.

"ఇప్పుడెంత?"

"ఆరువేల ఎనిమిదొందలు."

"ఇందాకా అంతేగా!"

"ఇందాక ఎనిమిదొందల ఇరవై వదినా. కాస్త ఊపిరి తీసుకోనీ."

భోజనాల బండి వచ్చింది. వదిన చెయ్యి అడ్డం పెట్టింది. వంట్లో బాగాలేదేమోనని ఆ విమానం పిల్ల ఒకటే కంగారు, నీళ్ళు తెచ్చింది, దిండు తెచ్చింది, మాత్ర తెచ్చింది. చివరికి ట్రే కూడా వదిన ముందు పెట్టి వెళ్ళింది. తిండి వృథా చేయకూడదని మా అమ్మ చెప్పేది. నా ట్రే తిన్నాక వదిన ట్రే కూడా తిన్నాను. కూరలో ఉప్పుందా కారముందా అంటే ఏదీ లేదు. గుంటూరు మిరపకాయ గాలి సోకని వంట. వదిన నా వైపు చూడకుండా కిటికీలోకి చూస్తూ, "అరిగిందా?" అని మాత్రం అడిగింది.

మా పక్క సీట్లో ఒక సర్దార్జీ తాతగారు. ముప్పై ఏళ్ళుగా లండన్లో బస్సు నడిపి రిటైరయ్యారట. ఆయనకు సంగతంతా చెప్పాను. నా గడియారం పావుతక్కువ ఎనిమిది చూపించేసరికి నేనే ఆగలేకపోయాను.

"వదినా, ఈపాటికి వాడరేవులో చంద్రుడు లేచుంటాడు."

వదిన కిటికీలోంచి చూసింది. రెక్క మీద ఎండ ధగధగలాడుతోంది. "మరి ఈ సూర్యుడికి ఇల్లూ వాకిలీ లేవా? పోడేం?" అంది.

తాతగారికి ఆ మాట హిందీలో చెబితే పడీపడీ నవ్వారు. "అమ్మా, ఆయన పడమటికి పోతున్నాడు, మనమూ ఆయన వెంటపడి పడమటికే పోతున్నాం. అందుకని ఈ రోజు మీకు నాలుగున్నర గంటలు ఎక్కువ," అన్నారు. నేను తెలుగులో చెప్పాను. వదిన మళ్ళీ మ్యాపు కేసి చూసింది. తర్వాత, "సంవత్సరంలో మూడొందల అరవై రోజులుండగా పెరగడానికి దీనికి అట్లతద్దే దొరికిందా!" అంది.

నాకు నవ్వాగలేదు. ఆవిడ పెదాలు ఎండిపోయి ఉండటం చూశాక ఆగింది. "పోనీ వదినా, మన ఊరి చంద్రుడు లేచాడు కదా. నోము మన ఊరిది, మనిషివి మన ఊరిదానివి. తినేయ్, ఏం కాదు," అన్నాను.

"నువ్వు చూశావా లేవడం?"

"లేదు."

"మరి? నోము కథలో రాజుగారి కూతురు ఆకలికి సోలిపోతుంటే అన్నలు జాలిపడి అద్దం చూపించి, అడుగో చంద్రుడన్నారు. తిన్నాక ఏమైంది?"

"ముసలి మొగుడు దాపురించాడు. నీకేం భయం, నీకు ఆ వచ్చేవాడేదో ఎప్పుడో వచ్చేశాడుగా!"

వదిన నా తొడ మీద గిల్లింది. నలభై ఏళ్ళు దాటినా ఆడపడుచును గిల్లే హక్కు వదినలకు పోదు.

లండన్ వంటిల్లు

దిగేసరికి అక్కడ సాయంత్రం అయిదున్నర. సన్నగా తుంపర. నేను ఆకాశం చూసి గతుక్కుమన్నాను. బూడిదరంగు దుప్పటి కప్పినట్టు మూల నుంచి మూలకి మబ్బు. బయటికొచ్చి నేనొక టీ తాగాను. మన డబ్బుల్లో మూడొందల రూపాయలు. ఆ టీ నీళ్ళు చీరాల స్టేషన్లో పోస్తే గ్లాసు మొహాన కొడతారు.

ప్రదర్శనవాళ్ళు మాకొక ఇంట్లో బస ఏర్పాటు చేశారు. ఇంటావిడ పేరు మార్గరెట్, అరవై ఏళ్ళ గట్టి మనిషి. అప్పటికే ఎనిమిదిమంది ఆడవాళ్ళు దిగి ఉన్నారు, అందరూ మాలాగే చేతిపనివాళ్ళు. గానా నుంచి పూసలు చేసే అబెనా, ఉజ్బెకిస్తాన్ నుంచి పట్టు నేసే గుల్నారా నాకు బాగా గుర్తు. నేను పెట్టె కింద పెట్టకముందే లెక్కబెట్టాను. మార్గరెట్‌తో తొమ్మిది. నా పూచీ గుర్తుంది కదా. ముత్తైదువులో కాదో తేల్చుకోవాలి. దానికి నాకు తెలిసిన ఇంగ్లీషు ఒకటే.

"హజ్బెండ్ అలైవ్?" అని వరసగా అడుగుతూ పోయాను.

మన దగ్గర ఇది పేరంటానికి పిలిచేటప్పుడు చూపుతోనే తేలిపోయే సంగతి. అక్కడ ఇంట్లో కాలు పెట్టిన అయిదు నిమిషాల్లో నేను ఇలా అడిగేసరికి ఒకావిడ ఏదో కబురు తెచ్చానేమోనని హడలిపోయి ఇంటికి ఫోన్ చేసింది. గుల్నారా పర్సులోంచి మొగుడి ఫోటో తీసి చూపించింది. మిగతావాళ్ళు ఉన్నాడని తలూపారు. మార్గరెట్ నవ్వుతూ, "ఇద్దరున్నారు. ఇద్దరూ బతికే ఉన్నారు. ఇద్దరినీ వదిలేశాను," అంది.

నేను వదినకేసి చూశాను, దీనికేం చెబుతావని. వదిన రెండు క్షణాలు ఆలోచించి తీర్పు చెప్పేసింది. "బతికున్నారుగా. ఒకటికి రెండు. చాలు."

అబెనాకు ఇంగ్లీషు బాగా వచ్చు. నేను ముక్కలుముక్కలుగా చెప్పిన నోము సంగతి ఆవిడ అందరికీ వివరంగా చెప్పింది. ఒక మనిషి పొద్దుటి నుంచి తిండి లేకుండా ఏడువేల కిలోమీటర్లు వచ్చిందని విని అందరూ ఒక్కసారి లేచారు. ఇంటి నుంచి తెచ్చిన బియ్యప్పిండి, మినప్పిండి కలిపాను. గౌరమ్మకు పది, మనుషులకు నూరు, నూటపది అట్లు. మార్గరెట్ పొయ్యికి నాలుగు మంటలు, నాలుగు పెనాలు. మొదటివాయి నాలుగూ పెనాలకు అంటుకుపోయాయి. తర్వాత అరచేతంత అట్లు పోయడం మొదలెట్టాం. నేను పోస్తుంటే గుల్నారా తిప్పింది, ఇంకొకావిడ లెక్కబెట్టింది. పొగకి గోడమీద డబ్బా ఒకటి కీచుమని అరవడం మొదలెట్టింది. మార్గరెట్ కుర్చీ ఎక్కి తువ్వాలుతో దానికి విసిరింది. ఆ వాసన మధ్య ఉపవాసమున్న మనిషి ఒక మూల కూర్చుని పసుపుముద్దతో గౌరమ్మను చేస్తోంది. నాకు ఆవిడ మొహం చూస్తే జాలీ, గర్వం రెండూ కలిగాయి. మా అన్నయ్య కోసం కదా ఇదంతా.

చంద్రుడు ఏడుంబావుకు లేవాలని మార్గరెట్ పేపర్లో చూసి చెప్పింది. ఏడుంబావు అయింది, ఎనిమిదయింది. ఆకాశంలో మబ్బే. పెరట్లోకి పోయి నిలబడ్డాం. వదిన గోడ పట్టుకుని నిలబడింది. పక్కవీధిలో చెట్ల వెనక, తుంపరలో ఒక దీపం గుండ్రంగా, పచ్చగా వెలుగుతోంది.

నాకేం పుట్టిందో, "అడుగో వదినా! లేచాడు!" అన్నాను.

వదిన చూసింది. నా మొహం చూసింది. "అది వీధిదీపమే పిచ్చిదానా," అంది మెల్లగా. "అబద్ధం చెప్పేటప్పుడు నీ మొహం చూసుకోవే. కొట్లో ఎట్టా అమ్ముతున్నావో ఏమో."

నాకు ఏడుపొచ్చేసింది. "తొమ్మిదేళ్ళు చేసింది నీళ్ళపాలవుతుంది వదినా, నా మూలాన. నేను ఒట్టేయకపోతే నువ్వు వచ్చేదానివి కాదు," అన్నాను.

అబెనా సంగతి గ్రహించి మార్గరెట్‌ను ఏదో అడిగింది. గాలి తిరిగిందనీ, తూర్పున మబ్బు పలచబడుతోందనీ, బస్సెక్కితే పావుగంటలో ఎత్తుగా ఒక దిబ్బ ఉందనీ, అక్కడినుంచి ఊరంతా కనిపిస్తుందనీ మార్గరెట్ చెప్పింది. ఇక చూడండి. పదకొండుమంది ఆడవాళ్ళం, అట్ల గిన్నెలు, గౌరమ్మ పళ్ళెం, రవికగుడ్డల సంచి పట్టుకుని రెండంతస్తుల బస్సు పైకెక్కాం. బస్సు నిండా అట్ల వాసన.

దిబ్బ మీద

పేరుకి దిబ్బే గానీ గడ్డి మొలిచిన పెద్ద మిట్ట. వదినను చెరో రెక్కా పట్టుకుని గుల్నారా, నేను ఎక్కించాం. పైన గాలి ఈడ్చి కొడుతోంది. కింద ఊరి దీపాలు. అందరం తూర్పుకు తిరిగి నిలబడ్డాం. ఎవరి భాషలో వాళ్ళు మబ్బుని తిడుతున్నారు. నేను మాత్రం మా ఇంటి దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాను.

ఎంతసేపో చెప్పలేను. ముందు మబ్బు అంచు తెల్లబడింది. ఆ తర్వాత అది చిరిగి, చంద్రుడు నిండుగా, కాస్త ఒక పక్క అరిగి, బయటికొచ్చాడు. అందరం ఒక్కసారి కేక పెట్టాం. వదిన మాత్రం చేతులు జోడించి, కళ్ళు చెమరుస్తుంటే, "వచ్చావా నాయనా," అంది. నా గడియారంలో ఒంటిగంటన్నర. ఇరవై ఒక్కటిన్నర గంటలు ఆవిడ నోట మెతుకు పడలేదు.

గడ్డి మీద పళ్ళెం పెట్టి గౌరమ్మకు పది అట్లు నైవేద్యం పెట్టింది. వరసగా తొమ్మిదిమందినీ కూర్చోబెట్టి బొట్టుపెట్టి, అట్లూ, రవికగుడ్డా, నల్లపూసలూ కొంగు చాటున పెట్టి ఇచ్చింది. అబెనా నల్లపూసలను చంద్రుడికెదురుగా పట్టుకుని పనివాళ్ళ కంటితో పరీక్షించింది. ఒక్కొక్కరూ కళ్ళకద్దుకున్నారు, ఒకర్ని చూసి ఒకరు.

తొమ్మిదయ్యాయి. పదోవాళ్ళు లేరు. నా పూచీ. దిబ్బ మీద ఒకావిడ కుక్కను తిప్పుకుంటూ పోతోంది. నేను పరుగందుకున్నాను. "మేడమ్! ఎక్స్‌క్యూజ్ మీ! హజ్బెండ్ అలైవ్?" అని అరిచాను. ఆవిడ నన్నూ, నా చీరనూ, నా పరుగునూ చూసి కుక్కను చంకనెత్తుకుని దిబ్బ దిగిపోయింది.

"ఒసేయ్ సావిత్రీ! ఎక్కడికే ఆ పరుగు? ఇట్టా రా, కూర్చో," అని వదిన కేకేసింది.

"పదోవాళ్ళు వదినా..."

"పదోదానివి నువ్వే."

నేను నిలబడిపోయాను. "మతి పోయిందా? పొద్దుట్నుంచీ తిండిలేక ఏదో మాట్లాడుతున్నావు. నేనెట్టా వదినా? చేసిందంతా చెడిపోదూ?"

"కూర్చోమన్నానా!" అని చెయ్యి పట్టి లాగింది. ఉపవాసపు మనిషికి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో. "మీ అన్న ఆసుపత్రిలో పడుంటే ఇరవై రోజులు నా పక్కన వరండాలో కటికనేల మీద పడుకుంది ఎవరే? మన వీధి పేరంటాళ్ళు ఒక్కళ్ళన్నా వచ్చారా? ఆయన బతకాలని నేను నోచాను, నువ్వూ ఏడ్చావు. ఏటేటా పిండి రుబ్బింది నువ్వు. నిన్ను కొట్లో కూర్చోబెట్టి నేను వాయనాలిస్తుంటే గౌరమ్మ ఏ మొహంతో తీసుకుంటది?"

"మరి ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ నాకు ధైర్యం లేదే," అంది. "మన వీధిలో నీకు వాయనమిస్తే మిగతా తొమ్మిదిమందీ లేచిపోతారు. వేటపాలెంలో ఇచ్చినా సాయంత్రానికి తెలుస్తది. మా పుట్టిల్లు సత్తెనపల్లిలో ఇచ్చినా వారానికి తెలుస్తది. ఈ ఉత్తరం వచ్చినరోజే అనుకున్నా. లేకపోతే నోము తీర్చుకునే రోజున నేను విమానమెక్కుతానా, నీకు బుద్ధిలేకపోతే సరి!"

సంచి అడుగు నుంచి పదో రవికగుడ్డ తీసింది. మిగతావాటిలాంటిది కాదు. మామిడిపండు రంగు. మా ఆయనున్నప్పుడు నేను ఎక్కువ కట్టింది ఆ రంగే. తర్వాత మళ్ళీ ముట్టలేదు. "రంగు మీ అన్న వేశాడు. నీకు తెలీకుండా మిద్దె మీద ఆరేశాం," అంది. నా గడ్డం పట్టుకుని, నేను మొహం తిప్పుకుంటుంటే గట్టిగా తనవైపు తిప్పి, కుంకుమ పెట్టింది.

నేను గొల్లున ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో తెలియక గుల్నారా నన్ను కౌగిలించుకుని తనూ ఏడ్చింది. మార్గరెట్ ఎవర్నీ ఏమీ అడగకుండా ముక్కు చీదుకుంది. అబెనా, "మంచి ఏడుపేనా?" అని అడిగింది. అవునన్నాను. నా బతుకులో అంత మంచి ఏడుపు నేను ఏడవలేదు.

తర్వాత అందరం గడ్డి మీద కూర్చుని చల్లారిపోయిన అట్లు తిన్నాం. వదిన మొదటి ముక్క నమిలి, మింగి, నాకేసి చూసి, "ఉప్పు తక్కువైంది," అంది.

మిగతా నాలుగు రోజులు

ప్రదర్శనలో మాకిచ్చిన మగ్గం చూసి వదిన అడిగిన మొదటి మాట, "గుంటేదీ?" మా మగ్గానికి నేలలో గుంట తీసి అందులో కాళ్ళు పెట్టి తొక్కుతారు. పాలరాతి నేలను తవ్వమంటుందేమోనని అక్కడి కుర్రాళ్ళు భయపడ్డారు. చివరికి చెక్కబల్లలు పేర్చి, మధ్యలో కాళ్ళకు సందు వదిలి, గుంటను పైకి తెచ్చారు. వదిన ఎక్కి కూర్చుని నాడె ఆడించేసరికి జనం కదలకుండా చూశారు. ఒక ముసలాయన నాలుగు రోజులూ వచ్చాడు, ఒక్కమాట మాట్లాడలేదు, ఆఖరిరోజు వదినకు టోపీ తీసి వంగి నమస్కారం పెట్టి వెళ్ళాడు.

అక్కడివాళ్ళ పద్ధతులు కొన్ని నాకు నచ్చాయి. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్యూ చెబుతారు. కొన్ని నచ్చలేదు. ఎండ కాస్తే చాలు ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఎండ గురించే మాట్లాడతారు, నీకెంతమంది పిల్లలని మాత్రం అడగరు. బీరకాయ రెండొందలు. వంకాయ చూడటానికే బాగుంది.

మళ్ళీ చీరాల

తిరుగు ప్రయాణంలో సూర్యుడు ఎదురొచ్చాడు. నిద్రపోయి లేచేసరికి తెల్లారిపోయింది. పోయేటప్పుడు సాగిన రోజు వచ్చేటప్పుడు కుంచించుకుపోయింది. వదిన దారంతా గురకపెట్టింది, రెండు ట్రేలూ తనే తింది.

ఇల్లు చేరిన సాయంత్రం వీధి వీధంతా మా వసారాలో ఉంది. దూరమెంత, టైమెంత అన్నీ అయ్యాక మా ఎదురింటి పెద్దావిడ అసలు సంగతికొచ్చింది. "నోము తీరిందా నాగరత్నం? పదిమంది దొరికారా ఆ దేశంలో?"

చెప్పకుండా ఊరుకుంటుందని నేననుకున్నాను. నేనైతే ఊరుకునేదాన్నే. వదిన తొమ్మిదిమంది పేర్లూ, ఊళ్ళూ, మార్గరెట్ ఇద్దరు మొగుళ్ళతో సహా, వేళ్ళమీద లెక్కబెట్టింది. ఆ తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "పదోది మా ఆడపడుచు," అంది.

ఇద్దరు ముగ్గురు పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయారు. ఎదురింటి పెద్దావిడ అన్నయ్యకేసి చూసింది. అన్నయ్య గోడకానుకుని, "నేను బానే ఉన్నా పిన్నీ," అన్నాడు.

కొన్నాళ్ళు మాటలు పడ్డాం. నలుగురైదుగురు మా కొట్లో చీరలు కొనడం మానేశారు. మామిడిపండు రంగు రవిక కుట్టించుకున్నాను, తొడుక్కుని కొట్లోనే కూర్చుంటున్నాను.

మొన్నటి అట్లతద్దికి మా వీధిలో రెండిళ్ళవాళ్ళు బొట్టుపెట్టి నన్ను పేరంటానికి పిలిచారు. అందులో ఒకటి ఎదురింటి పెద్దావిడ ఇల్లు. రెండే ఇళ్ళు. రెండింటికీ వెళ్ళాను, ఇరవై అట్లూ తిన్నాను.